రైల్లో నవ్వించిన పెద్దాయన, ఇంట్లో నవ్వని నాన్న

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. రత్నాచల్‌లో బెజవాడ నుంచి విశాఖ వెళుతున్నారు. ఎదురు సీట్లో ఎనభై దాటిన పెద్దాయన. తేగలు విరిచి, లోపలి చందమామ తీసి మీకిచ్చారు. గోదావరి రాగానే పక్కపక్కన ఉన్న మూడు రైలు వంతెనలను చూపించి, "వయసులో పెద్దది 1900లో ఉద్యోగంలో చేరి 1997లో రిటైరైంది, పాపం పెన్షను కూడా లేదు" అని పెట్టెనంతా నవ్వించారు. మీ చేతిలో రూపాయి బిళ్ళ పెట్టి నదిలో వేయించారు. అనకాపల్లిలో దిగిపోయారు. ఆ రోజంతా మీ మనసు తేలికగా ఉంది. ఇంటికి చేరితే డెబ్బై ఒక్కేళ్ళ మీ నాన్నగారు టీవీ ముందు నుంచి తల తిప్పకుండా "వచ్చావా" అన్నారు, అంతే. రైల్లో పెద్దాయనలో ఉన్నది నాన్నలో ఎందుకు లేదు, దాన్ని తెప్పించవచ్చా అని అడిగారు. ఆయన ఫోను నంబరు తీసుకోనందుకు బాధపడుతూ, ఎలాగైనా ఆచూకీ దొరుకుతుందా అని కూడా అడిగారు.

నేను డాక్టరును కాను, మనస్తత్వ నిపుణుణ్ణి అంతకన్నా కాను. ముప్పై మూడేళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి 2019లో రిటైరయ్యాను. ఎక్కువ కాలం బెజవాడ, విశాఖల మధ్యే తిరిగాను. ముసలివాళ్ళు ఇంటి మనుషుల పక్కన ఎలా ఉంటారో, వాళ్ళు లేనప్పుడు ఎలా ఉంటారో ఒకే పెట్టెలో, ఒకే రోజు చూసే అవకాశం మా ఉద్యోగంలో ఉంది. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు జవాబు. మీరు చూసిన హుషారులో సగం ఆయనది, మిగతా సగం మీది. ఆయన కబుర్లు మీరు మొదటిసారి వింటున్నారు. మీ నాన్నగారికి ఇంట్లో అలాంటి శ్రోత లేరు. కాబట్టి ఆ పెద్దాయన స్వభావాన్ని తెచ్చి నాన్నగారికి అంటించాలని చూడకండి. నాన్నగారు ఎవరికో కొత్త మనిషి అయ్యే చోటికి ఆయనను తీసుకెళ్ళండి. తీసుకెళ్ళి మీరు కాస్త దూరంగా ఉండండి. ఇక ఫోను నంబరు సంగతి, వదిలేయండి. ఎందుకో కింద చెబుతాను.

ఈ సంగతి నాకు తెలియజెప్పింది ఒక ముసలావిడ. 2013 డిసెంబరులో, విశాఖ వైపు వెళ్ళే పగటి బండిలో. అప్పట్లో వయోవృద్ధులకు టికెట్టులో రాయితీ ఉండేది. పురుషులకు 60 ఏళ్ళు దాటితే నూటికి నలభై, స్త్రీలకు 58 దాటితే సగానికి సగం తగ్గించేవారు. 2020 మార్చిలో దాన్ని ఆపేశారు. రాయితీ టికెట్టు కనబడితే వయసుకు రుజువు అడగడం మా విధి. అడిగాను. ఆవిడ సంచంతా వెతికింది. ఓటరు కార్డు ఇంట్లో మరిచిపోయినట్టుంది. తలెత్తి నన్ను చూసి, "రుజువే కదా నాయనా?" అని నోరు బార్లా తెరిచింది. ఒక్క పన్ను లేదు. "చాలకపోతే మోకాళ్ళు కూడా చూపిస్తాను గానీ, అందుకు నువ్వే లేపి నిలబెట్టాలి" అంది. పెట్టె పెట్టెంతా గొల్లుమంది. నేను చార్టులో టిక్కు పెట్టి ముందుకు వెళ్ళిపోయాను. నిబంధన ప్రకారం అది తప్పే. రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఏలూరు దాటాక మళ్ళీ అటు వచ్చేసరికి ఆవిడ పెళ్ళిళ్ళ పేరయ్య అవతారం ఎత్తింది. సెలవు మీద ఊరికి వెళుతున్న ఒక జవానును పక్కన కూర్చోబెట్టుకుని, పెట్టెలో పెళ్ళీడు పిల్లలున్న తల్లులందరినీ వరసపెట్టి విచారిస్తోంది. ఆ కుర్రాడు సిగ్గుతో ఎర్రబడుతున్నాడే గానీ లేచి వెళ్ళడం లేదు. తాడేపల్లిగూడెంలో ఎక్కినవాళ్ళు కూడా ఐదు నిమిషాల్లో ఆ సభలో కలిసిపోయారు. ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఇల్లెంత సందడిగా ఉంటుందో అనుకున్నాను.

తునిలో ఆవిడ దిగింది. కొడుకు వచ్చాడు. మంచివాడు. తల్లి చెప్పులు ముందే ప్లాట్‌ఫారం మీద పెట్టి, రెండు చేతులూ పట్టుకుని జాగ్రత్తగా దించాడు. "లేటయిందే?" అన్నాడు. "ఊఁ." "ఏమన్నా తిన్నావా?" "ఊఁ." "సంచి ఇటివ్వు." ఇచ్చింది. అతని వెనకే తల వంచుకుని నడిచింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాను. నాలుగు గంటలు డెబ్బై మందిని ఆడించిన మనిషి, దీపం చిన్నది చేసినట్టు తగ్గిపోయింది. కొడుకు మీద కోపం ఏమీ కాదు. ఆ పళ్ళ చమత్కారం అతను వందసార్లు విని ఉంటాడు. నూట ఒకటోసారి చెబితే నవ్వడని ఆవిడకు తెలుసు.

అప్పటి నుంచి గమనించడం మొదలుపెట్టాను. కొడుకు, కోడలు, మనవలతో ఎక్కిన పెద్దవాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. ఆ పిల్లలు అప్పర్ బెర్తు ఎక్కి ఫోన్లలో మునిగిన పది నిమిషాలకు, ఎదురుగా కూర్చున్న ముక్కూ మొహం తెలియని కాలేజీ పిల్లవాడితో మొదలుపెడతారు. కొందరు పైకి ఒకసారి చూసి, పిల్లలు వినడం లేదని నిర్ధారించుకుని మరీ మొదలుపెడతారు. తమ కథను పక్కనున్నవాళ్ళు సరిదిద్దుతారేమో అన్న బెదురు అది. "నాన్నా, అది అరవై రెండులో కాదు, అరవై నాలుగులో" అని మనం అంటాం చూడండి, ఆ ఒక్క మాటతో కథ చచ్చిపోతుంది. ఆ రెండేళ్ళ తేడా వల్ల లోకానికి వచ్చే నష్టమేమీ లేదు.

ఇదంతా మా అమ్మాయికి చెబితే, తను చదువుకున్నది ఒకటి చెప్పింది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ 2014లో ఒక పరిశోధన ప్రచురించారట. అక్కడి లోకల్ రైళ్ళలో రోజూ తిరిగేవాళ్ళలో కొందరిని పక్క మనిషితో మాట్లాడమన్నారు, కొందరిని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోమన్నారు. మాట్లాడినవాళ్ళకే ప్రయాణం ఎక్కువ హాయిగా గడిచింది. తమాషా ఏమిటంటే, ముందుగా ఊహించి చెప్పమంటే జనం దీనికి సరిగ్గా తలకిందులుగా చెప్పారు, అపరిచితుడితో మాట్లాడితే ప్రయాణం పాడవుతుందన్నారు. మన జనరల్ పెట్టెలో ఎవరిని అడిగినా ఉచితంగా చెప్పేవారు అనుకోండి.

ఇప్పుడు మీ నాన్నగారి విషయానికి వస్తాను. ఆయనను రైలెక్కించే ముందు మూడు సంగతులు చూసుకోండి. మొదటిదాన్ని నేను స్వయంగా మా ఇంట్లోనే ఏళ్ళ తరబడి కనిపెట్టలేకపోయాను.

చెవులు పరీక్ష చేయించండి. మా నాన్న డెబ్బై ఐదు దాటాక మాట్లాడటం తగ్గించాడు. వయసుతో వచ్చిన చిరాకు అనుకున్నాం. మనం నవ్వితే ఆయన నవ్వడు, పిల్లలు ఏదన్నా అడిగితే "ఆఁ సరే" అంటాడు. చివరికి చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళితే ఒక చెవిలో రాయిలా గట్టిపడిన గులిమి, రెండు చెవుల్లోనూ వయసుతో వచ్చిన చెవుడు బయటపడ్డాయి. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేవి సన్నని శబ్దాలు. అందుకే ఆడపిల్లల గొంతు, చిన్నపిల్లల గొంతు మగవాళ్ళ గొంతు కన్నా ముందు అందకుండా పోతాయి. మీరు కూతురు కాబట్టి చెబుతున్నాను. మీకు ముక్తసరిగా జవాబిచ్చేది ప్రేమ లేక కాకపోవచ్చు, మాట అందక కావచ్చు. ఇంట్లో మనం వంటింట్లో నుంచి, మేడ మీద నుంచి, వీపు చూపిస్తూ మాట్లాడతాం. రైల్లో అయితే మూడడుగుల దూరంలో, మొహంలో మొహం పెట్టి, బండి చప్పుడుకు మించి గట్టిగా మాట్లాడతారు. చెవుడు ఉన్న చాలామంది పెద్దవాళ్ళు రైల్లో హుషారుగా కనిపించడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

రెండోది దిగులు. నిద్ర, ఆకలి రెండూ పోయి, ఎప్పుడూ ఇష్టపడే పనుల మీద కూడా ఆసక్తి పోయి, "నేనెందుకు ఇంకా" అన్న ధోరణిలో మాటలు వస్తూ, ఇది రెండు వారాలకు మించి సాగితే దానికి రైలు మందు కాదు, డాక్టరు దగ్గరకే వెళ్ళాలి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఉచిత నంబరు 14416 ఉంది, వయోవృద్ధుల కోసం 14567 ఉంది. కొత్తగా మతిమరుపు మొదలైనా అంతే. వాయిదా వేయకండి.

మూడోది, కొందరు నిశ్శబ్దంలోనే సుఖంగా ఉంటారు. స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్‌సెన్ అనే ఆచార్యురాలు చాలా ఏళ్ళుగా చెబుతున్నది ఇదే. ముందున్న కాలం తక్కువని తెలిసేకొద్దీ మనిషి పరిచయాలను తగ్గించుకుని, తనకు ముఖ్యమైన కొద్దిమందినే ఉంచుకుంటాడట. మీ నాన్నగారు ఆ కోవలోని మనిషైతే, అందరినీ నవ్వించే తాతయ్యగా ఆయనను మార్చాలనుకోవడం ఆయనకు శిక్ష. తెలుసుకోవడం ఎలా? పాత స్నేహితుడు ఎవరైనా ఫోను చేసినప్పుడు ఆయన గొంతు వినండి. అప్పుడు గొంతు మారితే లోపల మాటలు ఉన్నట్టే.

ఇవన్నీ చూసుకున్నాక ఇక ప్రయాణం. ఇక్కడ నా వృత్తి పరిజ్ఞానం పనికొస్తుంది.

పగటి బండి ఎంచుకోండి, ఏసీ వద్దు. నాలుగు నుంచి ఆరు గంటల ప్రయాణం సరిగ్గా సరిపోతుంది. అంతకు తక్కువైతే మాట కుదిరేలోపే ఊరు వచ్చేస్తుంది, ఎక్కువైతే నడుము పట్టేస్తుంది. రత్నాచల్ లాంటి బండిలో రెండో తరగతి సిట్టింగు నా దృష్టిలో దీనికోసమే పుట్టింది. పొద్దున్నే బెజవాడలో ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖ, మూడు వందల యాభై కిలోమీటర్లు. మధ్యలో పొలాలు, కాలువలు, గోదావరి, అన్నవరం కొండ. మాట ఆగినప్పుడల్లా కిటికీ ఏదో ఒకటి అందిస్తుంది. ఏసీ పెట్టెల్లో అద్దాలు మూసేసి, చెవుల్లో ఏవో పెట్టుకుని ఎవరి లోకంలో వాళ్ళుంటారు. వేసవి మధ్యాహ్నాలు మాత్రం దీనికి మినహాయింపు, మే నెలలో పెద్దాయనను సిట్టింగులో కూర్చోబెట్టి నన్ను తిట్టుకోవద్దు.

రాత్రి బండే తప్పనిసరైతే లోయర్ బెర్తు కోసం ప్రయత్నించండి. దీని గురించి చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. 60 దాటిన పురుషులకు లోయర్ బెర్తు కోటా ఉంది. అయితే ఒక టికెట్టు మీద ఒంటరిగా, లేదా అర్హతున్న ఇద్దరు కలిసి వెళుతున్నప్పుడే అది వర్తిస్తుంది. మీరు, మీ ఆయన, పిల్లలు, నాన్నగారు అందరూ ఒకే టికెట్టు తీసుకుంటే ఆ కోటా దొరకదు. తర్వాత మా దగ్గరకు వచ్చి "పెద్దాయనండీ, కాస్త కింద ఇప్పించండి" అని బతిమాలతారు. ఇప్పించేవాళ్ళం, ఎవరో ఒకరు ఒప్పుకునేవారు కూడా. కానీ అక్కడి నుంచి ఆయన దయ మీద బతుకుతున్నట్టు కూర్చుంటారు. సొంతంగా లోయర్ బెర్తు వచ్చిన పెద్దాయన తీరే వేరు. పగలంతా పై బెర్తులవాళ్ళు ఆయన బెర్తు మీదే కూర్చోవాలి కదా. "రండి, కూర్చోండి" అంటారు. ఇంటి యజమాని అయిపోతారు. అప్పర్ బెర్తు పడ్డ పెద్దాయన అదే పెట్టెలో అద్దెకున్నవాడిలా ఒక మూల ఒదిగి ఉంటారు. మనిషి ఒకడే అయినా బెర్తును బట్టి గొంతు మారడం ఎన్నిసార్లు చూశానో!

ఆర్‌ఏసీ గురించి కూడా ఒక ముక్క. సైడ్ లోయర్‌లో ఇద్దరికీ సగం సగం సీటు. అందరూ శాపం అనుకుంటారు. ఒకసారి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఇద్దరు ముసలివాళ్ళు అలా ఎదురెదురుగా పడ్డారు. ఒకాయన కరెంటు స్తంభాలెక్కి రిటైరైన లైన్‌మన్, రెండో ఆయన బట్టల వ్యాపారి. బెజవాడలో ఎక్కాల్సిన వ్యక్తి రాకపోవడంతో పక్క పెట్టెలో ఒక బెర్తు ఖాళీ అయింది. అర్ధరాత్రి కావస్తోంది. వెళ్ళి "మీలో ఒకరు రండి, పడుకోవచ్చు" అన్నాను. ఇద్దరూ నన్ను అంతరాయంలా చూశారు. "ఆ బెర్తు నిద్ర వచ్చేవాళ్ళకివ్వండి బాబూ" అన్నాడు లైన్‌మన్. రాజమండ్రిలో నేను చూసినప్పుడు కూడా మాట్లాడుకుంటూనే ఉన్నారు. తుపానులో తెగిపడిన తీగల కథ నడుస్తోంది.

మీరు పక్కన కూర్చోకండి. అసలు కిటుకు ఇదే. అదే పెట్టెలో ఉండండి, కంటికి ఆనేంత దూరంలో ఉండండి, కానీ వేరే వరసలో. నాన్నగారికి కిటికీ పక్క సీటు ఇవ్వండి. ఆయన పడిపోతారేమో, మందు మరిచిపోతారేమో అని గంట గంటకూ వచ్చి పలకరించకండి. మీరు వచ్చి "నాన్నా, బీపీ మాత్ర వేసుకున్నారా?" అన్న మరుక్షణం, అప్పటిదాకా ఆ నలుగురిలో పెద్దమనిషిగా ఉన్నాయన రోగి అయిపోతాడు. మాత్రలు బండి ఎక్కకముందే వేయించండి.

చేతిలో పంచడానికి ఏదైనా పెట్టండి. మీ పెద్దాయనకు తేగలు చేసిన పని అదే. ఇచ్చే చేయి ఉన్న మనిషికి మాట దానంతట అదే వస్తుంది. అయితే ఒక హెచ్చరిక. అపరిచితులిచ్చే తినుబండారాలు తీసుకోవద్దని స్టేషన్లలో మైకులో చెప్పేది ఊరికే కాదు. మత్తు కలిపిన బిస్కెట్లు తిని, తెల్లారేసరికి ఒంటి మీద గొలుసు లేకుండా లేచినవాళ్ళను నా సర్వీసులో చూశాను. మీరు తిన్నవి ఉడికించి, మీ కళ్ళ ముందే చీల్చిన తేగలు కాబట్టి సరే. నాన్నగారి సంచిలో అరటిపళ్ళు, బత్తాయిలు పెట్టండి. తొక్క ఉన్న పండును ఎవరూ అనుమానించరు. తీసుకోవడం విషయంలో మాత్రం, "షుగరు ఉందమ్మా" అని నవ్వుతూ దాటేయడం నేర్పండి. బ్యాంకు సంగతులు, ఓటీపీలు, ఇంట్లో ఎవరెవరుంటారన్న వివరాలు రైలు కబుర్లలోకి రాకూడదని కూడా ముందే అనుకోండి. ఒకసారి చెబితే చాలు, భయపెట్టనక్కర్లేదు.

ప్రయాణం చేయలేని ఆరోగ్యమైతే ఊళ్ళోనే చోట్లున్నాయి. రైతు బజారు ఒకటి, ఏడు గంటలకు ముందు వెళితే బేరం కన్నా మాటలే ఎక్కువ. గ్రంథాలయంలో దినపత్రికలు చదివే గది ఇంకొకటి, అక్కడ ఒకే పత్రికలోని నాలుగు పేజీలను నలుగురు పంచుకుంటారు. మాలాంటి కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇచ్చే తతంగం ఉంది. ఇప్పుడు ఫోనులో మొహం చూపించి ఇంటి నుంచే పంపించవచ్చు. కదల్లేనివాళ్ళకు అది వరమే. నేను మాత్రం బ్యాంకుకే వెళతాను. ఇంకా బతికే ఉన్నామని సంతకం పెట్టడానికి వరసలో నిలబడ్డ యాభై మంది ముసలివాళ్ళు వేసుకునే ఛలోక్తులు మరెక్కడా దొరకవు. మీ నాన్నగారు పెన్షనరు అయితే, దయచేసి ఆ పని ఫోనులో చేసిపెట్టి ఉపకారం చేశాననుకోకండి.

హుషారుగా కనిపించినవాళ్ళందరి ఇళ్ళూ సందడిగా ఉంటాయనీ అనుకోవద్దు. ఏలూరు నుంచి బెజవాడకు నెలసరి పాసు మీద రోజూ ప్యాసింజరులో తిరిగే పెద్దాయన ఒకరుండేవారు. ఎప్పుడు చూసినా చుట్టూ పదిమంది, నవ్వులు. బెజవాడలో ఏదో వ్యాపారం ఉందనుకున్నాను. రెండేళ్ళ తర్వాత తెలిసింది, బెజవాడలో ఆయనకు ఏ పనీ లేదు. ప్లాట్‌ఫారం మీద టీ తాగి తిరుగు బండి ఎక్కుతారు. ఇంట్లో భార్య పోయింది, పిల్లలు దూరాన ఉన్నారు. మొదట వినగానే నా గుండె చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే ఆయన చేసుకున్న ఏర్పాటులో జాలిపడాల్సింది ఏమీ కనిపించలేదు. ఖాళీ ఇంట్లో కూర్చోవడానికి బదులు రోజుకు రెండు పూటలా పదిమందిని సంపాదించుకున్నాడు, అదీ పాసు ధరకు.

ఫోను నంబరు ఎందుకు వదిలేయమన్నానో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. అనకాపల్లిలో ఆయన కోసం ఎవరొచ్చారో, వాళ్ళతో ఎలా మాట్లాడారో మీరు చూడలేదు. వెతుక్కుంటూ ఇంటికి వెళితే తలుపు తీసే మనిషి మీరు చూసిన మనిషి కాకపోవచ్చు, ఆ సంగతి మీకు తెలియడం ఆయనకు ఇష్టం లేకపోనూవచ్చు. అదీగాక రెండోసారికి మీరు వంతెనల మాట విన్నవాళ్ళు అయిపోయారు. రైలు స్నేహం స్టేషనులో వదిలేస్తేనే బాగుంటుంది. మీ ఇద్దరి మధ్య నడిచిన లెక్క ఆ రూపాయి బిళ్ళతో చెల్లిపోయింది.

చివరగా మా నాన్న సంగతి. చెవిలో మిషను పెట్టించాక కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు, మళ్ళీ మౌనంలోకి జారాడు. 2014లో, అప్పటికి ఎనభై ఒకటి, నేను డ్యూటీలో ఉన్న రోజు రత్నాచల్‌లో టికెట్టు కొని ఎక్కించాను. విశాఖలో చెల్లెలి ఇంటికి అన్నాను. కిటికీ సీటు, ఒళ్ళో అరటిపళ్ళ సంచి. నేను ఆ వైపు రాకుండా వేరే పెట్టెల్లో పని మొదలుపెట్టాను. ఏలూరు దాటాక వెళ్ళక తప్పలేదు, ఆ పెట్టె కూడా నాదే. అందరి టికెట్లూ చూస్తూ వచ్చి, ఏం చేయాలో తోచక, ఆయన ముందు కూడా చేయి చాచి "టికెట్టండీ" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమయ్యా టీసీ, మీ బండి ఎప్పుడూ ఇంతేనా? పది నిమిషాలు లేటు. అడిగేవాళ్ళు లేరా మిమ్మల్ని?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన కళ్ళల్లో ఒక చిలిపి వెలుగు, దాన్ని నేను చూసి పదేళ్ళయింది. "తప్పయిందండీ" అన్నాను. "తప్పయిందంటే కాదు, నేను లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు లస్కరుగా చేశాను, ఒక్క పడవను పది నిమిషాలు ఆపలేదు" అన్నాడు. ఎదురు సీట్లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు, "లాకులంటే ఏమిటి తాతగారూ?" అన్నాడు. మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న, ఎందుకంటే మాకు తెలుసు.

నేను అవతలి తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఎవరివో రెండు టిఫిను డబ్బాల మూతలు తీసుకున్నాడు. కాలువ నీటి మట్టం మారే చోట ఉండే ఆ లాకుల్లోకి పడవ వచ్చాక కింది తలుపులు మూయడం, పై కాలువ నీటిని తూములోంచి నింపడం, రెండు నీళ్ళూ ఒక మట్టానికి వచ్చేదాకా ఆగడం, అప్పుడు పై తలుపులు వాటంతటవే వచ్చినట్టు తేలిగ్గా తెరుచుకోవడం, అంతా ఆ మూతలతో చూపించాడు. ఏలూరు కాలువలో రాత్రిళ్ళు లాంతరుతో వచ్చే ధాన్యం పడవలు, శంఖం ఊది లేపే పడవవాళ్ళు, పండక్కి వాళ్ళిచ్చే బియ్యం. శంఖం సంగతి నేనూ మొదటిసారి వినడం. "మీ పిల్లలేం చేస్తారు తాతగారూ?" అని అడిగాడా కుర్రాడు. నాన్న నేనున్న వైపు చూడనైనా చూడలేదు. "ఒకడు రైల్వేలోనే ఉన్నాడు. బుద్ధిమంతుడు. మాట్లాడడు అంతే" అన్నాడు.

విశాఖలో దింపి, సంచి అందుకున్నాను. ఖాళీ సంచి. నేను ఊరుకున్నాను, ఆయన కూడా ఊరుకున్నాడు. ఆటో దాకా వెళ్ళాక అడిగాడు, తిరుగు టికెట్టు ఎప్పటికని. ఎల్లుండికి అన్నాను.

"సరే. నీకు డ్యూటీ ఉంటే మాత్రం వేరే పెట్టెలో తియ్యి."